అంతా ప్యూరేనండీ!

మా మేడమీద వాటా ఖాళీ అయి మూడు వారాలైంది. ఉన్నవాళ్ళు సొంత ఫ్లాటు కొనుక్కుని ఎల్.బి. నగర్ అవతలికి వెళ్ళిపోయారు. గేటుకి కట్టే ‘టు లెట్’ అట్టముక్క వానకి తడిసి ముద్దయిపోయిందని, కొత్త బోర్డు రాయించుకు రమ్మని నన్ను పంపారు మా అత్తగారు. రాసేవాళ్ళెక్కడున్నారు ఇప్పుడు! ఐ.ఎస్. సదన్ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీలు వేసే షాపుకి వెళ్ళాను.

“ఏం పెట్టాలక్కా?” అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు.

“టు లెట్. రెండు గదులూ వంటిల్లూ. వెజిటేరియన్స్ ఓన్లీ” అని అత్తగారు చెప్పి పంపిన పాఠం అప్పజెప్పాను.

“ప్యూర్ పెట్టాల్నా?”

“ఏమిటీ?”

“ప్యూర్ వెజిటేరియన్ అక్కా. అందరూ గట్లనే పెట్టిస్తున్రు. ఉత్త వెజిటేరియన్ అంటే ఎవ్వరన్న వచ్చేస్తరు.”

ఆ మాటకి అదనంగా డబ్బేమీ తీసుకోనన్నాడు. ఊరికే వచ్చేదాన్ని వద్దనే అలవాటు నాకు లేదు. సరే పెట్టమన్నాను. పచ్చరంగు అక్షరాల బోర్డు ఇరవై నిమిషాల్లో చేతికొచ్చింది. గేటుకి కడుతూంటే మా వీధి చివరి వాళ్ళావిడ చూసి, “బాగుందండీ, డీసెంటుగా ఉంది” అని మెచ్చుకుని వెళ్ళింది.

నవలలు రాసుకుని బతికేదాన్ని. పొద్దస్తమానం మాటలతోనే నా కాపరం. అందుకని ఆ కుర్రాడన్న మాట నన్ను వదల్లేదు. ఉత్త వెజిటేరియన్‌కీ ప్యూర్ వెజిటేరియన్‌కీ తేడా ఏమిటి? కూరలు తినేవాళ్ళు కూరలు తింటారు. అందులో మేలురకం, నాసిరకం అని ఏముంటుంది?

కోఠీ ఉమెన్స్ కాలేజీలో నేను బి.ఏ. చదివే రోజుల్లో, అంటే 1990ల చివర్లో, మా ఇంగ్లీషు మేడమ్ విశేషణాలు చెబుతూ, కొన్నింటికి తరతమభేదాలుండవు అనేది. “కొంచెం గర్భవతి, బాగా గర్భవతి అంటామా? అలాగే ప్యూర్ అయితే ప్యూర్, కాకపోతే కాదు. దాని ముందు ‘వెరీ’ తగిలించకండి” అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది. ఆ మహాతల్లి ఒక్కసారి మా సైదాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వస్తే పాఠం మార్చుకునేది. ప్యూర్ నెయ్యి, వంద శాతం ప్యూర్ తేనె, ప్యూర్ కాటన్ చీరలు, ప్యూర్ జరీ, ప్యూర్ సిల్వర్, ప్యూర్ గానుగ నూనె, ప్యూర్ వెజ్. ఒక్కో బోర్డు మీద ఒక్కో రకం ప్యూరు. ఇవన్నీ చూసి చూసి ప్రభుత్వానికే విసుగొచ్చినట్టుంది. నీళ్ళు కలిపి పలచన చేసిన పండ్లరసాల డబ్బాల మీద ‘వంద శాతం పండ్లరసం’ అని వేసుకోవద్దని 2024 జూన్‌లో ఆహార భద్రతా సంస్థ వాళ్ళు ఉత్తర్వు ఇచ్చారు.

ఒక సంగతి గమనించారా? మదన్నపేట మండీలో బెండకాయలమ్మే అమ్మ ఎప్పుడూ ‘ప్యూర్ బెండకాయలు’ అని అరవదు. బెండకాయకి దొంగ బెండకాయ లేదు గనక. దొంగ సరుకు ఉన్నచోటే ఈ మాట పుడుతుంది.

నెయ్యి సంగతే చూడండి. ఇది నేను కాపరానికి రాకముందు జరిగింది, మావారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. మా మామగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. అత్తగారి తమ్ముడు ఏటా సంక్రాంతికి ఊరినుంచి డబ్బాడు నెయ్యి తెచ్చేవాడట. “మనింటి వెన్న కాచిందే అక్కా, ప్యూరు!” అనేవాడట. ఒక ఏడు మామగారికి ఎందుకో అనుమానం వచ్చింది.

డాల్డా మన దేశంలోకి 1937లో వచ్చింది. చూపుకీ చేతికీ నెయ్యిలాగే ఉంటుంది కదా, నేతిలో కలిపేవాళ్ళకి పండగయింది. కనిపెట్టడం ఎలా? అందుకని ప్రభుత్వం ఒక తమాషా నిబంధన పెట్టింది. వనస్పతి తయారుచేసేవాళ్ళు అందులో నూటికి కనీసం 5 పాళ్ళు నువ్వులనూనె కలిపి తీరాలి. ఎందుకంటే నువ్వులనూనెని పట్టుకోవడం తేలిక. కరిగించిన నేతిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, చిటికెడు పంచదార వేసి బాగా కుదిపి ఉంచితే, నువ్వులనూనె ఉంటే అడుగున ఎర్రరంగు తేరుతుంది. కల్తీని పట్టుకోవడానికి ఇంకో కల్తీ అన్నమాట!

మామగారు స్కూలు ల్యాబు నుంచి ఆమ్లం తెచ్చి, వసారాలో బల్లమీద గాజుగొట్టం పెట్టి, ఇంటిల్లిపాదినీ పిలిచి మరీ పరీక్ష చేశారట. గొట్టంలో అడుగున దానిమ్మ గింజ రంగు తేరింది. బావమరిది మొహం అంతకంటే ఎర్రబడింది. అత్తగారు మాత్రం చలించలేదు. “మీ స్కూలువాళ్ళ యాసిడే పాడయి ఉంటుంది” అన్నారట. తరవాత రెండేళ్ళు రాకపోకలు లేవు. ఆ నెయ్యి మాత్రం పారబోయలేదు. మిగతా డబ్బా అంతా పిల్లలే తిన్నారు.

బంగారం సంగతి ఇంకా తమాషా. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 బంగారం, తక్కిన 84 రాగో వెండో. అదే మనం ఇరవై రెండు క్యారెట్లంటాం. ఆ తక్కినది కలవకపోతే నగ నిలవదు, మేలిమి బంగారం మెత్తన. 2021 జూన్ నుంచి నగలకి హాల్‌మార్కు తప్పనిసరి చేయడం మొదలుపెట్టాక, మా అమ్మ గొలుసు ఒకటి మార్పిద్దామని పట్టుకెళితే, షాపులో మిషను కింద పెట్టి పద్దెనిమిది క్యారెట్లు కూడా లేదని చెప్పారు. మా ఊళ్ళో తరతరాల నమ్మకస్తుడని పేరున్న కంసాలి చేసిన గొలుసది. మార్పించకుండా వెనక్కి తెచ్చేశాను. అమ్మకి చెప్పలేదు. ఇప్పటికీ మెడలో వేసుకుని “ఈ రోజుల్లో ఇంత మేలిమి ఎక్కడ దొరుకుతుందే” అంటూంటుంది. నేను ఊఁ కొడుతూంటాను.

ఇక మా అత్తగారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఇప్పటికీ పొద్దున్నే దండెం మీంచి కర్రతో మడిబట్ట దింపుకుని కట్టుకుంటేనే స్టవ్ ముట్టించేది. నూలు బట్ట తడిపి ఆరేస్తేనే మడి. పట్టుకి ఆ బాధ లేదు. ఒకసారి ఉండబట్టలేక అన్నాను, “అత్తయ్యా, ప్యూర్ సిల్క్ అంటే గూడులో పురుగు ప్రాణంతో ఉండగానే ఆవిరిలోనో మరిగే నీళ్ళలోనో చంపి, దారం తీస్తారు. సీతాకోకచిలుక బయటికొస్తే గూటికి చిల్లుపడి దారం తెగిపోతుందని” అని. ఆవిడ విస్తుపోయి చూసి, “భోజనాల వేళ ఏం మాటలే అవి” అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ పట్టు కట్టడం మానలేదు గానీ, నన్ను మడి విషయంలో సలహా అడగడం మానేశారు.

ఈ ప్రశ్న నాకంటే ముందే పెద్దవాళ్ళకి వచ్చింది లెండి. రాష్ట్రపతిగా ఉన్న వెంకట్రామన్ గారి భార్య జానకి గారు, పురుగుని చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని మన ఆప్కో వాళ్ళని అడిగారట. అక్కడ పనిచేసే కుసుమ రాజయ్య గారికి ఆ మాట మనసులో పడింది. చిలుకని ఎగిరిపోనిచ్చి, మిగిలిన చిల్లుగూళ్ళని దూదిలా వడికి, ఆ దారంతో హైదరాబాదులోనే ‘అహింసా పట్టు’ అని నేయించారు. మామూలు పట్టుకున్న తళతళ దానికి రాదు.

బోర్డు దగ్గరికి వస్తాను. మా గేటు బోర్డుకీ ఒక చరిత్ర ఉంది. మామగారు ఈ ఇల్లు కట్టించిన కొత్తలో, 1980లలో, పలకమీద సుద్దతో ‘బ్రాహ్మణులకు మాత్రమే’ అని రాసి తగిలించేవారట. అప్పట్లో అది తప్పుగా ఎవరికీ తోచలేదు. హోటళ్ళ మీదా ఆ మాట ఉండేది. మద్రాసులో ఒక హోటలు బోర్డు మీంచి ‘బ్రాహ్మణ’ అన్న మాట తీయించాలని 1957లో పెరియార్ పెద్ద ఆందోళనే నడిపారు. మావారు కాలేజీకొచ్చాక, స్నేహితులు చూస్తే పరువు పోతుందని గొడవపెట్టి ఆ పలక తీయించి, అట్టమీద ‘వెజిటేరియన్స్’ అని రాశారు. బోర్డు మారింది గానీ, వచ్చినవాళ్ళని అత్తగారు అడిగే ప్రశ్నలు మారలేదు. మొన్న నేను కట్టింది దానికి మూడో తరం.

2014లో ప్రభుత్వం చేయించిన ఒక సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. అంటే మా బోర్డు నూరుమందిలో ఒక్కరినో ఇద్దరినో పిలుస్తోంది. అయినా వచ్చారు.

మొదట ఒక బ్యాంకు ఉద్యోగి. “మేం ప్యూరేనండీ. ఎగ్గు తింటాం, అంతే. అదీ ఇంట్లో కాదు.”

“ఇంట్లో కాకపోతే మరెక్కడ?” అన్నారు అత్తగారు.

“బండి దగ్గర.”

ఆవిడ నిజంగానే కాసేపు ఆలోచించారు. తరవాత లోపలికొచ్చి, “బండి దగ్గర తిన్నా కడుపు ఇంటికి తెచ్చుకోవాల్సిందేగా” అన్నారు.

రెండోవాళ్ళు రాజస్థాన్ నుంచి వచ్చిన జైన దంపతులు. పద్ధతైన మనుషులు. వాటా చూశారు, గాలీ వెలుతురూ నచ్చిందన్నారు. దిగి వస్తూ ఆవిడ నన్ను నెమ్మదిగా అడిగింది, కింద మేం ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ వండుతామా అని. “ఆహా, రోజూ” అన్నారు అత్తగారు గర్వంగా, ఆవిడ వంట గురించి అడుగుతోందనుకుని. ఆ దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాసన పైకొస్తుంది, ఏమనుకోవద్దు అని చేతులు జోడించి వెళ్ళిపోయారు. అత్తగారు గేటుదాకా వాళ్ళ వెనకే చూసి, “అంటే ఏమిటే, మనం ప్యూర్ కాదనా!” అన్నారు. ఆ రాత్రి మావారు అన్నం తింటూ రెండుసార్లు పొలమారేదాకా నవ్వారు.

మూడోవాళ్ళ గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. చెప్పకుండా తప్పించుకోవడానికి నెయ్యీ బంగారమూ తిరిగొచ్చాను.

ఆదివారం సాయంత్రం ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. నల్గొండ వైపు నుంచి వచ్చారు. తల్లి మెడలో తులసిపూసల దండ. “మా నాయిన కాలం నుంచి గురువు బోధ తీసుకున్నం అమ్మా. నీసు ముట్టం. చేప గూడ ముట్టం” అంది. అత్తగారి మొహం వికసించింది. తనే మెట్లెక్కి వాటా చూపించారు. కృష్ణా నీళ్ళు ఏ పూట వస్తాయో, బట్టలు ఎటు ఆరేసుకోవాలో చెప్పారు. తులసికోట ఏ మూల పెట్టుకోవచ్చో కూడా చెప్పారు. నేను సంతోషంగా కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను.

మూడు గ్లాసుల్లో కాఫీ పట్టుకుని వచ్చేసరికి వాళ్ళు వసారాలో కూర్చుని ఉన్నారు. అత్తగారు ఇంటిపేరు అడిగారు. అమ్మాయి చెప్పింది. అది విని అత్తగారికి ఏమీ బోధపడలేదు. “అంటే... మీరెవరమ్మా?” అన్నారు.

తల్లి చెప్పింది. దాచలేదు. గొంతు తగ్గించనూ లేదు.

అత్తగారు ఒక్క క్షణం పమిట సర్దుకున్నారు. “అయ్యో, నా మతి మండా, చెప్పడమే మరిచాను. పొద్దున్న ఒకాయన వచ్చి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాడు. మా కోడలికి కూడా తెలీదు” అన్నారు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నించున్నాను. రెండు మాటలు చాలు. ‘ఎవరూ ఇవ్వలేదు’ అంటే సరిపోయేది. నా నవలల్లో అమ్మాయిలు ఇలాంటి చోట ఎంతెంత మాట్లాడతారో చదివినవాళ్ళకి తెలుసు. నేను “కాఫీ తీసుకోండి” అన్నాను.

తాగారు. మర్యాదస్తులు. తాగడం అయ్యాక ఆ తల్లి గ్లాసు పట్టుకుని లేచి, “నల్లా ఎటుంది బిడ్డా?” అంది. “అయ్యో, ఉండనివ్వండి, అక్కడ పెట్టండి” అంటూనే ఉన్నాను, ఆవిడ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు కడిగి, గట్టుమీద బోర్లించి వచ్చింది. కూతురు తన గ్లాసు కడగలేదు. బల్లమీద పెట్టి లేచింది. రెండూ నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉన్నాయి. ఒకటి గట్టుమీద, ఒకటి బల్లమీద.

మర్నాడు పొద్దున్న మా పనమ్మాయి గిన్నెలు తోముతూ అడిగింది. “అమ్మా, మా పోరడు మీ బోర్డు చదివిండు. గా ప్యూర్ అంటే ఏంది?”

“అంటే... శుద్ధంగా ఉండేవాళ్ళు అని.”

“శుద్ధం అంటే, కడుక్కునుడా?”

“కడుక్కోవడం కాదు. తినేదాన్ని బట్టి.”

“నిన్న వచ్చిన తల్లీబిడ్డలు మాంసం తినరంట గద. మరి వాళ్ళు?”

దానికెలా తెలిసిందో నాకు తెలీదు. సైదాబాద్‌లో పనివాళ్ళకి తెలియని సంగతి లేదు. నేను జవాబు వెతుక్కుంటూంటే అదే అంది, “మీ గిన్నెలన్నీ నేనే తోముతున్న. మీ మడి పీట గూడ నేనే కడుగుత. మేమేమో అన్నీ తింటం. ఇంక ప్యూరేడుంటదమ్మా మీకాడ?” ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం ఆగకుండా బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది కూడా.

ఆ మధ్యాహ్నం కూర్చుని, మన భాషలో ఈ మాటకి ఎన్ని మాటలున్నాయో కాగితం మీద రాసుకున్నాను. మనసు బాగాలేనప్పుడు నిఘంటువులు తిరగేయడం నాకు అలవాటు. శుద్ధం, స్వచ్ఛం, నిర్మలం, మేలిమి, చొక్కం, అచ్చం, నికార్సు. మా మలక్‌పేట, సంతోష్‌నగర్ వైపు దుకాణాల్లో వినిపించేవి అస్లీ, ఖాలిస్. అసలు ఇంగ్లీషు ‘ప్యూర్’ కూడా మనకి పరాయిది కాదట. లాటిన్‌లో ‘పూరుస్’ నుంచి వచ్చిందది. మన పూతం, పావనం, పవిత్రం, చివరికి గాలిని పిలిచే పవనం, వీటన్నిటికీ ఆ మాటకీ ఒకే మూలధాతువని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అచ్చతెలుగులో మొట్టమొదటి కావ్యం యయాతి చరిత్ర. సంస్కృతం పొడ సోకనివ్వనని పట్టుబట్టి పదహారో శతాబ్దంలో పొన్నికంటి తెలగన్న రాశాడు. దాన్ని అంకితమిచ్చింది ఎవరికీ? గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు అధికారి అమీన్‌ఖాన్‌కి. అంత ప్యూర్ తెలుగు ముందుగా చెవిన పడింది ఇంట్లో తెలుగు మాట్లాడని మనిషికి!

ఇన్ని మాటలుండగా గేటు మీదికి ఇంగ్లీషు మాటే ఎందుకొచ్చింది? ‘శుద్ధ శాకాహారులకు మాత్రమే’ అని రాసి చూసుకున్నాను. ‘మడిగా ఉండేవారికి’ అని రాశాను. చదువుతూంటే నాకే మొహం చెల్లలేదు. ఆ మాటల వెనక మామగారి పలక కనిపిస్తోంది. ‘ప్యూర్’ అంటే ఏమీ కనిపించదు. డీసెంటుగా ఉంటుంది. మొన్న 2024 మార్చిలో ఇంటింటికీ భోజనాలు చేరవేసే ఒక పెద్ద కంపెనీ కూడా ఇలాగే ‘ప్యూర్ వెజ్’ వాళ్ళకోసం పచ్చచొక్కాల కుర్రాళ్ళని వేరే పెడతానంది. ఎర్రచొక్కా కుర్రాడు ఏ గుమ్మం ముందు నిలబడితే ఎవరేమంటారోనని జనం అడిగేసరికి, ఒక్క రోజులో ఆ పచ్చచొక్కాలు మానుకుంది.

ఇంకో సంగతి తట్టింది. తెలుగులో ‘శుద్ధ’ అనే మాట మనం రోజూ ఎక్కడ వాడతాం? శుద్ధ మొద్దు. శుద్ధ దండగ. శుద్ధ అబద్ధం. ఇంగ్లీషువాళ్ళూ అంతే, వట్టి చెత్తని ‘ప్యూర్ నాన్సెన్స్’ అంటారు. ఆదివారం మా వసారాలో అత్తగారన్న మాటకి, నేనన్న ‘కాఫీ తీసుకోండి’కీ ఆ విశేషణం చక్కగా అతుకుతుంది.

దానికి సాక్ష్యం గేటుకే వేలాడుతోంది. అడ్వాన్సు ఇచ్చేశారన్న వాటాకి బోర్డు ఎందుకుంటుంది? ఆ అమ్మాయి ఆసుపత్రికి వెళ్ళే దారి మా వీధి చివరినుంచే. ఎనిమిదింబావుకి బస్సుకోసం నడిచి వెళ్ళడం రెండు రోజులు చూశాను. తల తిప్పి మా గేటు చూసిందో లేదో తెలీదు. మూడో రోజు నుంచి నేనే మొక్కలకి నీళ్ళు ఆ వేళకి పోయడం మానేశాను. నాలుగో రోజు కత్తెర తీసుకెళ్ళి తాళ్ళు కత్తిరించి బోర్డు దింపేశాను.

“ఎందుకు తీశావు?” అన్నారు అత్తగారు.

“అడ్వాన్సు ఇచ్చారన్నారుగా.”

రెండు రోజులు మాటల్లేవు. మావారు ఇద్దరి మధ్యా ఉప్పూ పప్పూ కబుర్లు మోశారు. మూడో నాడు ఆవిడ దేవుడిగదిలో వత్తులు చేసుకుంటూంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. పోట్లాడదామనే వెళ్ళాను. చాలా మాటలు తయారుచేసుకున్నాను. తీరా ఆ వంగిన వీపు చూసేసరికి వేరే ఏదో నోటికొచ్చింది. ఆవిడ పద్నాలుగేళ్ళకే కాపరానికొచ్చిన మనిషి. నెలకి మూడు రోజులు పెరటి కొట్టంలో విడిగా కూర్చునేవారని, చాపా చెంబూ వేరని, నీడ పడితే ఊరగాయ చెడుతుందనేవారని ఎప్పుడో ఒకసారి చెప్పారు.

“ఆ మూడు రోజులూ మీకు ఎలా ఉండేది అత్తయ్యా?” అన్నాను.

వత్తి చేస్తున్న చెయ్యి ఆగింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఏ పుణ్యం గురించో, ఆచారం గురించో చెబుతారనుకున్నాను.

“చలిగా ఉండేది” అన్నారు.

మళ్ళీ దూది చేతిలోకి తీసుకున్నారు. కాసేపటికి, “అయినా వాళ్ళీపాటికి వేరే ఇల్లు చూసుకునే ఉంటారు” అన్నారు నా వైపు చూడకుండా.

కొత్త బోర్డుకోసం మళ్ళీ ఐ.ఎస్. సదన్ వెళ్ళాను. అదే కుర్రాడు. పాత ఫైలు తీసి, “ప్యూర్ తీసెయ్యాల్నా అక్కా?” అన్నాడు. అదీ, వెనకాల ఉన్నదీ కూడా తీసెయ్యమన్నాను. “మరి ఇంత జాగా ఖాళీ ఉంటది. గులాబీపువ్వు బొమ్మ పెట్టాల్నా?” అన్నాడు. వద్దు, టు లెట్ అన్న అక్షరాలే పెద్దవి చెయ్యమన్నాను.

పోయిన ఆదివారం మదన్నపేట మండీలో ఆ అమ్మాయి కనిపించింది. గోరుచిక్కుడు కాయలు ఏరుకుంటోంది. నేను పక్కకి తప్పుకుందామనుకునేలోగా తనే, “బాగున్నారా మేడమ్?” అంది.

“మా వాటా ఇంకా ఖాళీగానే ఉందమ్మా” అన్నాను. అడ్వాన్సు ఇచ్చినాయన రాలేదనో, మనసు మార్చుకున్నాడనో ఒక మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. “ఆ రోజు ఎవరూ అడ్వాన్సు ఇవ్వలేదు. వస్తారా?”

“తెలుసు మేడమ్” అంది. కోపంగా అనలేదు. “చంపాపేటలో దొరికింది మాకు. చిన్నదే. ఇంటివాళ్ళు కరెంటు బిల్లు గురించి తప్ప ఏమీ అడగలేదు.”

వాళ్ళమ్మ ఎలా ఉందని అడిగాను. బాగుందంది. తులసికోట పెట్టుకోవడానికి అక్కడ ఎండ సరిగా రాదట, అదొక్కటే ఆవిడ బాధట. తరవాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. తను ఏరిన కాయల్లో ముదురువి రెండు తీసి పక్కన పడేసి, “ఇవి లేతవి మేడమ్, తీసుకోండి” అని బుట్ట నా వైపు జరిపింది.